పొగ మానేసిన నాన్నకు స్కాన్ కావాలా? కాలనీలో ఎక్స్‌రే క్యాంపు పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేం బాలానగర్ దగ్గర ఒక కాలనీలో ఉంటాం. మా చిన్నాన్న పోయిన ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. దగ్గు తగ్గడం లేదని చూపిస్తే టీబీ అని ఐదు నెలలు మందులు వాడించారు. తర్వాత సీటీ తీస్తే నాలుగో దశ అన్నారు. అప్పటినుంచి మా నాన్న గురించి టెన్షన్‌గా ఉంది. ఆయనకు 62 ఏళ్లు. లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. 35 ఏళ్లు రోజుకు 15 సిగరెట్ల దాకా తాగి, నాలుగేళ్ల కింద మానేశారు. ఇప్పుడు దగ్గు, ఆయాసం ఏమీ లేవు. స్కాన్ తీయిద్దామంటే "మంచిగనే ఉన్న కదా బిడ్డా, లేని రోగం తవ్వి తెచ్చుకోవాల్నా" అంటారు. అమ్మకు 57 ఏళ్లు. పొగ అలవాటు లేదు కానీ ఊళ్లో ఉన్నప్పుడు చాలా ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. ఆమెకూ తీయించాలా? ఇంకో మాట. నేను మా కాలనీ సంఘంలో సభ్యురాలిని. ఒక ల్యాబ్ వాళ్లు వచ్చే నెలలో వ్యాన్ తెచ్చి అందరికీ ఛాతీ ఎక్స్‌రే, 'క్యాన్సర్ రక్త పరీక్ష' తక్కువ ధరకు చేస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి తేల్చేద్దాం. ఆయనకు స్కాన్ తీయించండి. మామూలు ఎక్స్‌రే కాదు, తక్కువ రేడియేషన్‌తో తీసే లో డోస్ సీటీ స్కాన్. లక్షణాలు ఏమీ లేవన్నారు కదా, ఈ పరీక్ష సరిగ్గా అలాంటివారి కోసమే. దగ్గులో నెత్తురు పడ్డాక తీసే సీటీ వేరు, అది రోగం ఏంటో తెలుసుకోవడానికి. ఏ బాధా లేనప్పుడు, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లను ఏరి తీసేదాన్ని స్క్రీనింగ్ అంటాం. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మన ఊళ్లో సగం గందరగోళం.

మీ నాన్నగారి లెక్క చూద్దాం. రోజుకు 20 సిగరెట్లు ఒక ఏడాది తాగితే దాన్ని ఒక 'ప్యాక్ ఇయర్' అంటారు. మన దగ్గర పెట్టెలో పదే ఉంటాయి కాబట్టి రోజుకు రెండు పెట్టెలు అనుకోండి. ఆయన తాగింది 15, అంటే ఏడాదికి ముప్పావు. 35 ఏళ్లకు సుమారు 26 ప్యాక్ ఇయర్లు. అమెరికా నిపుణుల బృందం 2021లో సవరించిన సూచన ప్రకారం 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, కనీసం 20 ప్యాక్ ఇయర్లు తాగి, ఇప్పటికీ తాగుతున్నవారికి లేదా మానేసి 15 ఏళ్లు దాటనివారికి ఏటా ఈ స్కాన్ తీయాలి. మీ నాన్నగారు అన్ని విధాలా ఆ గీత లోపలే ఉన్నారు. పైగా సొంత తమ్ముడికే ఈ జబ్బు వచ్చింది. రక్తసంబంధంలో ఉంటే ముప్పు ఇంకొంత పెరుగుతుంది.

ఈ సూచన ఊరికే రాలేదు. అమెరికాలో 53 వేల మందికి పైగా ఎక్కువగా పొగతాగినవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు లో డోస్ సీటీ, రెండో జట్టుకు ఛాతీ ఎక్స్‌రే మూడేళ్లపాటు ఏటా తీశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సీటీ జట్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువ. తర్వాత నెదర్లాండ్స్, బెల్జియంలలో చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. అందులో మగవారిలో పదేళ్లకు 24 శాతం తగ్గాయి. ఇంకో అధ్యయనంలో ఏటా ఎక్స్‌రే తీసినవారిని, ఏమీ తీయనివారిని పోల్చారు. మరణాల్లో తేడా లేదు. అందుకే ఎక్స్‌రే వ్యాన్ మాట వినగానే నాకు మనసు ఒప్పలేదు. దాని గురించి కింద వివరంగా రాస్తాను, నాకు అందులో సొంత అనుభవం ఉంది.

పరీక్ష చిన్నదే. ఇంజెక్షన్ ఉండదు, పరగడుపున ఉండక్కర్లేదు. బల్లమీద పడుకుని ఒకసారి ఊపిరి బిగపట్టాలి, అంతే. రేడియేషన్ మామూలు సీటీలో ఐదో వంతు దాకా ఉంటుంది. ఏడాదిలో మట్టి నుంచి, ఆకాశం నుంచి మన ఒంటికి సహజంగా తగిలేదానికన్నా తక్కువే. చీటీ మీద 'లో డోస్ సీటీ, స్క్రీనింగ్ కోసం' అని స్పష్టంగా రాయించుకోండి. లేకపోతే చాలా సెంటర్లలో మామూలు సీటీ తీసేస్తారు. మీకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దగ్గరే, మెట్రోలో వెళ్లిపోవచ్చు. అక్కడో, పంజాగుట్ట నిమ్స్‌లోనో పల్మనాలజిస్ట్‌కు (ఊపిరితిత్తుల డాక్టర్‌కు) ముందు చూపించి, వాళ్లు రాసిన చీటీతో స్కాన్‌కు వెళ్లండి. నేరుగా స్కాన్ సెంటర్‌కు పోవద్దు. ఎందుకో చెప్తాను.

స్కాన్‌లో ఏదో ఒక మచ్చ కనిపించే అవకాశం బాగా ఉంది. అమెరికా అధ్యయనంలో ప్రతి నలుగురిలో ఒకరికి ఒక విడత స్కాన్‌లో అనుమానపు మచ్చ కనిపించింది. అలా కనిపించినవాటిలో 96 శాతం క్యాన్సర్ కాదు. మన దేశంలో ఇంకో చిక్కు, టీబీ. ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ మచ్చలు చాలామంది ఊపిరితిత్తుల్లో ఉంటాయి. వాళ్లకే తెలియదు. రిపోర్టులో 'నాడ్యూల్' (చిన్న గడ్డలాంటి మచ్చ) అన్న మాట చూసి, గూగుల్‌లో వెతికి, రెండు రాత్రులు నిద్రపోకుండా మా దగ్గరికి వచ్చే కుటుంబాలు ఎన్నో. ఆ టెన్షన్ నుంచి కాపాడేది ముందే చూసిన డాక్టర్ ఒక్కరే. 6 మిల్లీమీటర్లకన్నా చిన్న గట్టి మచ్చ అయితే సాధారణంగా ఏమీ చేయం, మళ్లీ ఏడాదికి స్కాన్ తీస్తాం. 6 నుంచి 8 మధ్య ఉంటే ఆరు నెలలకు చూస్తాం. అంతకన్నా పెద్దదైతే మూడు నెలలకే మళ్లీ చూడటమో, పెట్ స్కాన్ (చురుగ్గా ఉన్న కణాలను వెలిగించి చూపే స్కాన్), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా వెళ్లడమో. పెట్ స్కాన్‌లో కూడా టీబీ క్యాన్సర్‌లాగే వెలగొచ్చు, కాబట్టి అక్కడా కంగారుపడి నిర్ణయాలు వద్దు. ఏదైనా మచ్చ రాగానే ఆపరేషన్ అనే డాక్టర్ ఉంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

మొదటి స్కాన్ బాగుంటే పనైపోయినట్టు కాదు. వచ్చే ఏడాది మళ్లీ తీయించాలి. ఈ ఏటి స్కాన్ ఈ ఏటి మాటే చెబుతుంది. ఇన్ని చేసినా అందరినీ కాపాడుతుందని నేను చెప్పను. ఆ అమెరికా లెక్క ప్రకారం 320 మందికి స్కాన్లు తీస్తే ఒక మరణం తప్పుతుంది. ఆ ఒక్కరు ఎవరి నాన్నో ముందు తెలియదు. నా మటుకు నేను మీ నాన్నగారి స్థానంలో ఉంటే తీయించుకుంటాను.

ఇక ఆయన్ని ఒప్పించడం. 'లేని రోగం తవ్వి తెచ్చుకోవాల్నా' అన్న మాటలో మొండితనంకన్నా భయమే నాకు వినిపిస్తోంది. తమ్ముణ్ని దగ్గరుండి పంపించిన మనిషి. 'మీకూ చిన్నాన్నలాగే అవుతుంది' అని మాత్రం అనకండి. ఆయన లేత్ మీద పనిచేశారన్నారు. బేరింగ్ చప్పుడు మారితే మెషీన్ ఆపి చూసి ఉంటారు, ఇరిగిపోయేదాకా తిప్పి ఉండరు. ఊపిరితిత్తితో వచ్చిన చిక్కేంటంటే అది చప్పుడు చేయదు. దాని లోపల నొప్పి తెలిసే నరాలు లేవు. గడ్డ పెరిగి పైపొరనో, పక్కటెముకనో తాకితే తప్ప నొప్పి రాదు. అందుకే 'మంచిగనే ఉన్న' అన్నది ఈ ఒక్క అవయవం విషయంలో సాక్ష్యం కాదు. ఈ మాట ఆయనకు అలాగే చెప్పి చూడండి. క్యాన్సర్ టెస్ట్ అనకుండా ఊపిరితిత్తుల చెకప్ అనండి, అది అబద్ధం కూడా కాదు. ఎంత ఊపిరి ఊదగలుగుతున్నారో చూసే స్పైరోమెట్రీ కూడా అదే రోజు చేయించండి. 35 ఏళ్లు తాగినవారికి అదీ అవసరమే.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 2016లో ఇలాగే 'ఊపిరితిత్తుల చెకప్' అన్న పేరుతో పని మొదలుపెట్టారు. ఆసుపత్రికి రండి అనకుండా, బీదవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో షాపింగ్ సెంటర్ల పార్కింగ్‌లోకి సీటీ మెషీన్ ఉన్న లారీని తెచ్చి నిలబెట్టారు. వచ్చినవారితో ముందు మాట్లాడి, ముప్పు లెక్కగట్టి, ఎక్కువున్నవారికే స్కాన్ తీశారు. 1,384 మందికి తీస్తే 42 మందిలో క్యాన్సర్ దొరికింది. దొరికిన వాటిలో 80 శాతం మొదటి రెండు దశల్లోనే ఉన్నాయి, అంటే ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నయం చేయగల దశ. మన దగ్గర తలకిందులు. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మూడు, నాలుగు దశల్లో ఉంటారు. మన దేశంలో 2022లో సుమారు 81 వేల మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చిందని అంచనా. అదే ఏడాది దీనితో పోయినవారు 75 వేలు. ఆ రెండు అంకెలు అంత దగ్గరగా ఉండటం చూస్తే ఎంత ఆలస్యంగా పట్టుకుంటున్నామో అర్థమవుతుంది.

ఇప్పుడు మీ కాలనీ క్యాంపు. పన్నెండేళ్ల కింద మేం కొందరు డాక్టర్లం కలిసి మూసీ పక్కన ఒక బస్తీలో ఎక్స్‌రే క్యాంపు పెట్టాం. మంచి ఉద్దేశంతోనే పెట్టాం. బీడీలు బాగా తాగే ఒక హమాలీ వచ్చాడు, యాభై దాటిన మనిషి. ఎక్స్‌రే చూసి బాగుంది అని నేనే చెప్పాను. ఆయన భార్య ఆ రిపోర్టు మడిచి దేవుడి పటం వెనక పెట్టుకుందట. ఏడాది గడిచాక ఆయనకు దగ్గు మొదలైంది. క్యాంపులో బాగుందన్నారు కదా అని మూడు నెలలు ఎక్కడా చూపించుకోలేదు. నెత్తురు పడ్డాక వచ్చారు. సీటీలో గుండె వెనక గడ్డ. ఎక్స్‌రేలో గుండె నీడ చాటున, మెడ ఎముక కింద, ఉదరవితానం వెనక ఉన్నవి కనపడవు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ 'బాగుంది' అన్న ఒక్క మాటతో పంపించాను. దగ్గు వస్తే ఈ కాగితం నమ్ముకోకు, వెంటనే రా అని ఒక్క మాట కలిపి ఉంటే ఆ మూడు నెలలు మిగిలేవి. ఇప్పటికీ క్యాంపు అన్న మాట వింటే ఆ మడిచిన కాగితమే గుర్తొస్తుంది.

కాబట్టి అందరికీ ఎక్స్‌రే తీసి 'నార్మల్' కాగితాలు పంచే క్యాంపుకు ఒప్పుకోకండి. రక్త పరీక్ష అయితే అసలు వద్దు. ఆ ప్యాకేజీల్లో ఎక్కువగా ఉండేది సీఈఏ అనే మార్కర్, అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక పదార్థం. చికిత్స తీసుకుంటున్నవారిని గమనించడానికి అది కొంత పనికొస్తుంది. బాగున్నవారిలో క్యాన్సర్ వెతకడానికి పనికిరాదు. పొగతాగేవారిలో క్యాన్సర్ లేకపోయినా అది కొంచెం పెరిగి ఉండొచ్చు, క్యాన్సర్ ఉన్నవారిలో మామూలుగానే ఉండొచ్చు. జనం డబ్బుతో భయమో, ఉత్త ధైర్యమో కొనిపెట్టడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

మరి సంఘం ఏం చేయాలి? చేయాల్సింది చాలా ఉంది, దానికి వ్యాన్ అక్కర్లేదు. మీ బస్తీ దవాఖానాకు వెళ్లి ఏఎన్‌ఎమ్‌ను, ఆశా కార్యకర్తను కలవండి. 30 ఏళ్లు దాటినవారికి ఇంటింటికీ తిరిగి నింపే ఒక ఫారం వాళ్ల దగ్గర ఉంటుంది. బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం పెట్టిన ఫారం అది. మన జాతీయ కార్యక్రమంలో స్క్రీనింగ్ ఉన్నది ఆ మూడు క్యాన్సర్లకే, ఊపిరితిత్తులకు లేదు. కానీ అదే ఫారంలో పొగాకు వాడతారా, రెండు వారాలకు మించి దగ్గుందా, కఫంలో నెత్తురు పడుతోందా, వంటకు ఏం వాడతారు అన్న ప్రశ్నలన్నీ ఉన్నాయి. అంటే మనకు కావాల్సిన ప్రశ్నలు ఇప్పటికే వాళ్ల చేతిలో ఉన్నాయి. జవాబులు విని ఆ మనిషిని పట్టుకుని నడిపించేవారే లేరు. మీ సంఘం అక్కడ పనికొస్తుంది.

ఒక ఆదివారం ఇద్దరు ముగ్గురు కూర్చుని కాలనీలో 50 దాటినవారితో మాట్లాడండి. ఎన్నేళ్లు తాగారు, రోజుకు ఎన్ని, మానేసి ఎన్నాళ్లైంది అని అడగండి. బీడీ తాగేవారిని తక్కువ లెక్కేయకండి. ఆకులో చుట్టిందే కదా అనుకుంటారు కానీ అందులోని తారు సిగరెట్‌కు తీసిపోదు, ఆరిపోకుండా గట్టిగా పీల్చాలి కూడా. బాలానగర్ వైపు కదా, వెల్డింగ్, రాయి కోత, గ్రైండింగ్ పనులు చేసినవారి సంగతి విడిగా రాసుకోండి. వెల్డింగ్ పొగ, రాతి దుమ్ము కూడా ఈ జబ్బుకు కారణాలే. కాలనీ మొత్తంలో స్కాన్ అవసరమైనవారు పదిహేను ఇరవై మంది తేలొచ్చు. వాళ్లను ఎర్రగడ్డకు విడతల వారీగా తీసుకెళ్లండి. ముందే డాక్టర్‌ను కలిసి, మచ్చ దొరికితే ఎవరు చూస్తారు, బయాప్సీ ఎక్కడ, జబ్బు తేలితే రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఎలా పంపుతారు అని మాట్లాడుకోండి. ఈ దారి ముందే సిద్ధం కాకపోతే స్కాన్ తీయకపోవడమే నయం. గడ్డ ఉందని చెప్పి రోడ్డు మీద వదిలేయడంకన్నా క్రూరం ఇంకోటి లేదు. రేషన్ కార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది, పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. కాగితాలు ముందే సరిచూసి పెట్టండి, పేరులో ఒక అక్షరం తేడాతో ఆగిపోయినవారిని చూశాను.

ఒక పుస్తకం పెట్టి, ఒక మనిషికి బాధ్యత ఇవ్వండి. ఎవరికి ఎప్పుడు మళ్లీ స్కాన్, ఎవరు వెళ్లలేదు అని ఆమె ఫోన్ చేసి అడగాలి. ఆమె అని ఎందుకన్నానంటే ఇలాంటి పని కాలనీల్లో ఆడవాళ్లే నిలబడి చేయడం చూశాను. రిపోర్టులు మాత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకండి. ఒకరి స్కాన్ పది మంది చూశారంటే రెండోవాడు రాడు. కూతురి పెళ్లి సంబంధం దాకా పోతుంది ఆ మాట.

ఇంకా తాగుతున్నవారిని మానమని ఆ రోజే అడగండి. ఊపిరితిత్తుల బొమ్మ చూసిన రోజు మనిషి కాస్త మెత్తబడి ఉంటాడు. తిట్టకండి. పొగాకు మానడానికి ప్రభుత్వ ఉచిత నంబర్ 1800-11-2356, సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది. మీ నాన్నగారు మానేసి నాలుగేళ్లు అయిందన్నారు, ఏ స్కాన్ కన్నా గొప్ప పని అది. మానేసిన పదేళ్లకు, తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. ఈ మాట ఆయనతో తప్పకుండా అనండి, నా మాటగా.

అమ్మగారి విషయం. ఆమెకు ఇప్పుడు స్క్రీనింగ్ అవసరం లేదు. కట్టెల పొగ మంచిది కాదు, పొగతాగని ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ రావడానికి అదీ ఒక కారణమే. కానీ ఆ ఒక్క కారణంతో ఏటా స్కాన్ తీస్తే మేలు జరుగుతుందని తేలలేదు. తైవాన్‌లో 2022 నుంచి పొగతాగనివారికి కూడా ప్రభుత్వం స్కాన్ తీస్తోంది, అయితే తల్లిదండ్రులకో, తోబుట్టువులకో, పిల్లలకో ఈ జబ్బు వచ్చి ఉండాలి. మీ చిన్నాన్న ఆమెకు మరిది, రక్తసంబంధం కాదు. ఆమె పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా అని ఒకసారి అడగండి, ఉంటే డాక్టర్‌తో చెప్పండి. లేకపోతే లక్షణాల మీద కన్ను ఉంటే చాలు.

ఆ లక్షణాలు మీ ఇంట్లోవారికే కాదు, కాలనీలో అందరికీ తెలియాలి. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, పాత దగ్గు తీరు మారడం, తెమడలో నెత్తురు చార, కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి మామూలు కాకపోవడం, మళ్లీ మళ్లీ ఒకేచోట న్యుమోనియా రావడం, భుజం నొప్పి మందులకు లొంగకపోవడం, వేళ్ల చివరలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగడం. ఇవి ఉంటే స్క్రీనింగ్ మాట, వయసు లెక్క, ప్యాక్ ఇయర్లు ఏవీ చూడక్కర్లేదు. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చివరిగా మీ చిన్నాన్నగారి టీబీ మందుల సంగతి. జరిగిందానికి ఎవరినీ వేలెత్తి చూపలేను, కాగితాలు నేను చూడలేదు. టీబీ, క్యాన్సర్ రెండూ దగ్గుతోనే వస్తాయి, ఎక్స్‌రేలో ఒకేలా కనిపించొచ్చు. కానీ మీ కాలనీలో ఇంకెవరికైనా టీబీ అంటే రెండు ప్రశ్నలు అడగమనండి. తెమడ పరీక్షలో టీబీ క్రిమి దొరికిందా? దొరక్కుండా ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెడితే, నెలా రెండు నెలల్లో మేలు కనిపించకపోతే తర్వాత ఏం చేస్తారు? దానికి జవాబు సీటీ స్కాన్, అవసరమైతే బయాప్సీ. డాక్టర్‌ను ఇలా అడగడం అమర్యాద కాదు. టీబీ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

స్కాన్ రోజున మీ నాన్నగారి పాత ఎక్స్‌రేలు, సీటీలు ఏవి ఉన్నా తీసుకెళ్లండి. ఫ్యాక్టరీలో ఎప్పుడో తీయించినవి ఉంటాయి, బీరువా మీద, పరుపు కింద వెతకండి. ఇవాళ కనపడ్డ మచ్చ ఐదేళ్ల కింద కూడా అదే సైజులో ఉందని తెలిస్తే, మూడు నెలల భయం ఐదు నిమిషాల్లో తీరిపోతుంది.